అపార్ట్‌మెంట్‌లో ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్: ఏం చూసి కొనాలి, ఎలా బిగించాలి?

అపార్ట్‌మెంట్‌లో మామూలు డ్రమ్ సెట్ పెట్టి వాయిస్తే వచ్చే అసోసియేషన్ మీటింగ్‌లో మొదటి ఎజెండా మీరే కాబట్టి, చాలామంది ఎలక్ట్రానిక్ కిట్ వైపు చూస్తారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే బయటికి చప్పుడే రాదని షాపువాళ్లు చెబుతారు. అది సగమే నిజం. గాల్లో వెళ్లే శబ్దం బాగా తగ్గుతుంది గానీ, కిక్ పెడల్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్‌కి ఉండే పెడల్) తొక్కిన ప్రతిసారీ ఆ అదురు నేలలోంచి స్లాబ్‌లోకి, అక్కణ్నుంచి కింది ఇంటివాళ్ల సీలింగ్‌లోకి దిగుతుంది. అందుకే కిట్‌లో ఎన్ని వందల సౌండ్లున్నాయో తర్వాత చూడొచ్చు, ముందు కాలికింద ఏముందో చూడండి.

కిట్టా, ప్యాడా?

మన ఆర్కెస్ట్రాల్లో, చర్చిల్లో ‘ప్యాడ్స్’ అనేవి రోలాండ్ ఆక్టాప్యాడ్ లాంటివి. ఒకే పెట్టెలో 8 ప్యాడ్లుంటాయి, స్టాండు మీద పెట్టి స్టిక్స్‌తో వాయిస్తారు. చిన్న గదిలో పడతాయి, బస్సులో పట్టుకెళ్లొచ్చు, తబలా, ఢోలక్ సౌండ్లు కూడా వాయించొచ్చు. మీకు కావాల్సింది అదే అయితే అదే కొనుక్కోండి, ఖర్చూ చోటూ మిగులుతాయి. కాళ్లూ చేతులూ విడివిడిగా నడపడం నేర్చుకోవాలంటే మాత్రం కిట్టే కావాలి.

కొనేటప్పుడు చూడాల్సినవి

ప్యాడ్లు రెండు రకాలు: రబ్బరువి, మెష్‌వి. మెష్ అంటే వలలాంటి గుడ్డ, దాన్ని డ్రమ్ కీ అనే చిన్న తాళంచెవితో బిగించుకోవచ్చు, చప్పుడు తక్కువ, మణికట్టుకీ సుఖం. రోలాండ్ 1997లో వి-డ్రమ్స్‌తో దీన్ని తెచ్చినప్పుడు ఖరీదైన సరుకు, ఇప్పుడు అలెసిస్ నైట్రో మెష్ లాంటి మొదటిమెట్టు కిట్లలోనూ వస్తోంది. నా ఓటు మెష్‌కే. కనీసం స్నేర్ (కాళ్ల మధ్య ఉండే ముఖ్యమైన డ్రమ్) అయినా మెష్ ఉండేలా చూసుకోండి.

కిక్ దగ్గర మాత్రం కాసేపు ఆగి ఆలోచించాలి. యమహా డీటీఎక్స్402కేలో బీటర్ (పెడల్ తొక్కితే వెళ్లి ప్యాడ్‌ని కొట్టే సుత్తిలాంటి భాగం) ఉండదు, పెడల్ నొక్కితే సెన్సరే పట్టుకుంటుంది. చప్పుడు చాలా తక్కువ, రాత్రి వాయించేవాళ్లకి వరం. కానీ బీటర్ వెళ్లి కొట్టి వెనక్కి రావడంలో ఉండే బరువు కాలికి తెలియదు, రేపు స్టేజి మీద అసలు డ్రమ్స్ ముందు కూర్చుంటే కొత్తగా ఉంటుంది, రెండు కాళ్లతో కిక్ వాయించే మామూలు డబుల్ పెడల్ బిగించుకునే వీలూ ఉండదు. నిటారుగా నిలబడే కిక్ ప్యాడ్, దానికి మామూలు పెడల్ ఉండే కిట్లలో ఆ బాధ లేదు, బదులుగా అదురు ఎక్కువ. ఫ్లాట్‌లో ఉంటూ రాత్రిపూట మాత్రమే కుదిరేవాళ్లు మొదటిది, ఇండిపెండెంట్ ఇల్లున్నవాళ్లు రెండోది తీసుకోవడం మేలు.

పెట్టెలో ఏం రావో కూడా అడగండి. సీటు (థ్రోన్), హెడ్‌ఫోన్స్, ఒక్కోసారి పెడల్ కూడా విడిగా కొనాల్సి వస్తుంది. ప్లాస్టిక్ కుర్చీలో సర్దుకుందాం అనుకోవద్దు, వారంలో నడుం పడుతుంది. స్టిక్స్ 5ఏ సైజు చాలు.

సెకండ్ హ్యాండ్ అయితే ప్రతి ప్యాడ్‌నీ మెల్లగా, మధ్యస్తంగా, గట్టిగా కొట్టి చూడండి, మూడింటికీ తేడా వినిపించాలి. అమెరికా నుంచి బంధువులు తెస్తుంటే అడాప్టర్ మీద 100-240 వోల్టులు అని రాసుందో లేదో చదవండి, లేకపోతే ఇక్కడ ప్లగ్‌లో పెట్టగానే పోతుంది.

నేల

కింద మందపాటి కార్పెట్, దానికింద రబ్బరు మ్యాట్ వేస్తే కిట్ జరగదు, అదురూ కొంత తగ్గుతుంది. పూర్తిగా చాలకపోతే టెన్నిస్ బంతుల ప్లాట్‌ఫారం ఉంది. రెండు మందమైన ప్లైవుడ్ పలకలు తీసుకుని, కింది పలక పైముఖానా పై పలక కిందిముఖానా ఎదురెదురుగా బంతికన్నా చిన్న గుంటలు చేయించి, వాటిలో బంతులు కూర్చోబెట్టాలి. పై పలక ఒకవైపు ఒరగకుండా బంతులు అన్నిచోట్లా సమంగా పరవాలి, పై పలక గోడకి తగలకూడదు. కార్పెంటర్‌కి విడ్డూరంగా అనిపించినా పని బాగా చేస్తుంది.

బిగించడం

అందరూ ముందు ర్యాక్ (ప్యాడ్లు తగిలించే స్టాండు) నిలబెడతారు. మీరు ముందు సీటు వేసి కూర్చోండి. తొడలు మోకాళ్ల వైపు కాస్త వాలుగా ఉండేలా ఎత్తు పెట్టి, పాదాలు సహజంగా ఎక్కడ పడతాయో అక్కడ పెడల్స్ పెట్టండి, కుడికాలికి కిక్, ఎడమకాలికి హైహ్యాట్ (పాదంతో మూసి తెరిచే జంట సింబల్స్). స్నేర్ కాళ్ల మధ్య, తొడకన్నా కొంచెం పైన. ఇప్పుడు ర్యాక్‌ని మీ చుట్టూ తెచ్చి టామ్స్ (మిగతా డ్రమ్ ప్యాడ్లు), సింబల్స్ చెయ్యి చాచకుండా అందేలా సర్దండి. ప్యాడ్లని ర్యాక్‌కి పట్టి ఉంచే క్లాంపులన్నీ మొదట వదులుగానే ఉంచి, కోణాలు కుదిరాక గట్టిగా తిప్పండి. ఎడమచేతివాటం అయితే అంతా అద్దంలోలా తిప్పేయండి.

పవర్ ఆఫ్‌లో ఉంచి కేబుళ్లు పెట్టండి, వాటి మీద ఏది దేనికో రాసుంటుంది. ప్యాడ్ దగ్గర కొంచెం వదులు వదిలి కట్టండి, లాగి కడితే పిన్ను దగ్గర తెగుతుంది.

హెడ్‌ఫోన్స్ వైరువే ఉండాలి. బ్లూటూత్‌లో కొట్టిన తర్వాత కాస్త ఆలస్యంగా వినిపిస్తుంది, తాళం మీద అసలు నిలబడలేరు. ఫోన్‌లోని పాటని బ్లూటూత్‌తో మాడ్యూల్‌లోకి (కిట్ సౌండ్లు పుట్టించే పెట్టెలోకి) పంపి దానితో వాయించడం వేరే సంగతి, అలెసిస్ నైట్రో మాక్స్ లాంటివాటిలో ఆ సౌకర్యం ఉంది.

మాడ్యూల్‌లో సెట్టింగ్స్

మెల్లగా కొడితే వినిపించకపోతే ఆ ప్యాడ్ సెన్సిటివిటీ పెంచండి, మామూలుగా కొట్టినా ఉరిమినట్టుంటే తగ్గించండి. టామ్ కొడితే క్రాష్ సింబల్ కూడా మోగుతోందా? ముందు క్లాంపులు వదులయ్యాయేమో, రెండు ప్యాడ్లు తగులుతున్నాయేమో చూసి, అప్పటికీ ఆగకపోతే క్రాస్‌టాక్ (ఒక ప్యాడ్ దెబ్బకి ఇంకోటి మోగకుండా ఆపే సెట్టింగ్) విలువ ఒక్కో అంకె పెంచుతూ వెళ్లండి. ఒకేసారి ఎక్కువ పెంచితే మెల్లగా కొట్టిన దెబ్బలు కూడా మింగేస్తుంది.

అన్నీ అయ్యాక ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టి కిక్ తొక్కించి, కింది ఇంటికెళ్లి అనుమతి అడిగి వినండి. దబ్బుమని వినిపిస్తే బీటర్‌ని మెత్తటి వైపు తిప్పి చూడండి, అప్పటికీ ఉంటే కిక్ కింద ఇంకో రబ్బరు పొర వేయండి. ఎలాగూ వెళ్లారు కాబట్టి ఏ టైమ్‌లో వాయిస్తే వాళ్లకి ఇబ్బంది ఉండదో అప్పుడే మాట్లాడేసుకోండి.