బిజినెస్ లంచ్‌కి హోటల్ ఖాయం చేసే ముందు

అతిథి ఏం తింటారో ముందే ఫోన్ చేసి అడగండి, మొహమాటం వద్దు. కార్తీకమాసంలో, శనివారాల్లో మాంసం ముట్టనివాళ్లు మన దగ్గర చాలామంది. జైన వ్యాపారులైతే ఉల్లి, వెల్లుల్లి సంగతి కూడా చూసుకోవాలి. వైజాగ్ వచ్చారు కదా అని పీతల వేపుడు చెప్పేయకండి. రెండు చేతులూ మసాలాలో ఉంటే కాగితాలు చూసేదెవరు? ముళ్లు, ఎముకలు లేనివే మేలు.

గాజువాక, స్టీల్‌ప్లాంట్ వైపు నుంచి వచ్చేవాళ్లను రుషికొండకు రమ్మంటే ఊరంతా దాటి రావాలి. సిరిపురం, ద్వారకానగర్ అయితే రెండు వైపులవాళ్లకూ నడిమధ్య. కారు పెట్టుకునే చోటుందో లేదో మాత్రం కనుక్కోండి.

సముద్రం కనిపించే రూఫ్‌టాప్ సాయంత్రానికి బాగుంటుంది. మధ్యాహ్నం ఆ ఉక్కకు చొక్కా వీపుకి అతుక్కుపోతుంది. ఏసీ హాలే నయం. వీలైతే ముందురోజు ఒంటిగంటకే వెళ్లి కూర్చుని చూడండి. నెత్తిమీద స్పీకరో, పక్కనే వంటగది తలుపో ఉంటే రేట్లు అరిచి మాట్లాడుకోవాల్సి వస్తుంది. మూల టేబుల్ అడిగి, పేరు రాయించండి.

ఇక బిల్లు. కంపెనీ పేరు, జీఎస్టీ నంబరుతో ఇస్తారా అని అడగండి. మామూలు రెస్టారెంట్లలో పన్ను 5 శాతం, గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే స్టార్ హోటళ్లలో 18 శాతం. ఈ పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన పన్నును కంపెనీ జీఎస్టీలోంచి తగ్గించుకునే వీలు) సాధారణంగా రాదు, కాబట్టి బడ్జెట్‌లోనే కలుపుకోండి. సర్వీస్ ఛార్జీ తమంతట తామే బిల్లులో కలపకూడదని 2022లోనే మార్గదర్శకాలు వచ్చాయి. అయినా అతిథి ముందు ఆ వాదన ఎందుకు, బుక్ చేసేటప్పుడే తేల్చేసుకోండి. బిల్లు మీ చేతికే ఇమ్మని సర్వర్‌కి ముందే చెప్పి ఉంచండి.