రొమ్ము ఆపరేషన్ తర్వాత మళ్లీ పనిలోకి ఎప్పుడు వెళ్లాలి? తేదీ నిర్ణయించుకునేదెలా?

రొమ్ము ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన మర్నాటి నుంచే ఫోన్లు మొదలవుతాయి. "ఎలా ఉంది?" అన్న వెంటనే వచ్చే ప్రశ్న "డ్యూటీకి మళ్లీ ఎప్పుడు?" అడిగేవాళ్లు ఆప్యాయంగానే అడుగుతారు. కానీ ఆ మొహమాటంలో ఏదో ఒక తేదీ చెప్పేసి, ఆ మాట నిలబెట్టుకోవడానికి అవస్థ పడే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. కుట్లు మానాయా లేదా అన్నది ఒక్కటే చూసుకుంటే చాలదు. ఏ ఆపరేషన్ జరిగింది, చెయ్యి ఎంతవరకు లేస్తోంది, మీరు చేసే పనేమిటి, తర్వాత ఏ చికిత్స రాబోతోంది అన్నవి కూడా చూడాలి. ఎక్కువమంది మర్చిపోయేది ఆ చివరిదాన్నే. సెలవులన్నీ ఆపరేషన్‌కే వాడేసుకున్నాక కీమో మొదలవుతుంది.

1. ముందు మీకు జరిగిన ఆపరేషన్ ఏదో తెలుసుకోండి

"గడ్డ తీశారు" అని ఇంట్లో అందరూ ఒకే మాట అంటారు గానీ, అందులో చాలా రకాలున్నాయి. డిశ్చార్జి సమ్మరీ తీసి చూడండి. అర్థం కాకపోతే సర్జన్‌నే అడగండి: రొమ్ములో ఎంత తీశారు? చంకలో ఏం చేశారు?

కూర్చుని చేసే ఉద్యోగమైతే, మామూలుగా పట్టే కాలం ఇలా ఉంటుంది. ఫైబ్రోఎడినోమా లాంటి క్యాన్సర్ కాని గడ్డయితే కొద్ది రోజుల నుంచి వారం. రొమ్మును ఉంచి గడ్డవరకే తీసిన లంపెక్టమీకి ఒకటి రెండు వారాలు. రొమ్ము మొత్తం తీసిన మాస్టెక్టమీకి 3 నుంచి 6 వారాలు. పొట్ట దగ్గరి కొవ్వుతోనో, వీపు కండతోనో కొత్త రొమ్ము తయారు చేసి ఉంటే 6 నుంచి 8 వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ. ఎందుకంటే అక్కడ మానాల్సిన గాయాలు రెండు. బరువులెత్తే పనులకు ఈ లెక్క సరిపోదు, ఇంకొన్ని వారాలు కలుపుకోవాలి.

చంక విషయం వేరుగా అడగమన్నది ఎందుకంటే, పనికి అడ్డం వచ్చేది చాలాసార్లు రొమ్ము గాయం కాదు, చంకే. క్యాన్సర్ చంకలోకి పాకిందో లేదో చూసే సెంటినల్ నోడ్ పరీక్ష కోసం రెండు మూడు లింఫ్ గ్రంథులు తీస్తే చెయ్యి తొందరగా దారికొస్తుంది. గ్రంథులన్నీ తీసి చంక శుభ్రం చేస్తే భుజం బిగుసుకోవడం, చేతి లోపలివైపు తిమ్మిరి, తర్వాత చెయ్యి వాయడం లాంటివి ఎక్కువ. అలా పూర్తిగా తీసినవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు లింఫెడిమా, అంటే చేతి వాపు, వస్తుంది.

2. రిపోర్టు వచ్చేదాకా ఆఫీసుకు తేదీ చెప్పకండి

తీసిన గడ్డను ల్యాబ్‌కు పంపుతారు. ఆ పాథాలజీ రిపోర్టు సాధారణంగా వారం పది రోజుల్లో వస్తుంది. తర్వాత కీమో ఉందా, రేడియేషన్ ఉందా, మాత్రలతో సరిపోతుందా, మళ్లీ చిన్న ఆపరేషన్ అవసరమా అన్నవి తేలేది దాన్ని బట్టే. అందాకా ఎవరడిగినా "రిపోర్టు రావాలి, డాక్టర్ గారితో మాట్లాడి చెప్తాను" అంటే చాలు. అంతకు మించి ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

రిపోర్టుతో డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. అక్కడ టెన్షన్‌లో సగం మర్చిపోతాం.

- తర్వాతి చికిత్స ఏమిటి, ఎప్పుడు మొదలవుతుంది, ఎన్నాళ్లు?
- నా పని ఇది. ఇందులో ఏవి చేయొచ్చు, ఏవి చేయకూడదు, ఎప్పటిదాకా?
- బండి ఎప్పుడు నడపొచ్చు?

కీమో ఉంటే ఆపరేషన్ అయిన మూడు నుంచి ఆరు వారాల్లో మొదలుపెట్టడం మామూలు. అంటే సరిగ్గా మీరు కోలుకుని డ్యూటీకి వెళ్దామనుకునే సమయం. చాలా మందులు 21 రోజులకోసారి ఇస్తారు. మొదటి వారం నీరసం, వికారం. రెండో వారం ప్రాంతంలో తెల్లకణాలు పడిపోయి ఇన్ఫెక్షన్ భయం. మూడో వారం కాస్త తేరుకుంటారు. కొందరు ఆ మూడో వారమే పనికి వెళ్తూ నెట్టుకొస్తారు. మరికొందరు కీమో అంతా అయ్యాకే వెళ్తారు. రెండూ సరైనవే. ఆపరేషన్‌కు ముందే కీమో అయిపోయినవాళ్లయితే, ఒంట్లో అలసట అప్పటికే పేరుకుని ఉంటుంది కాబట్టి పైన చెప్పిన వారాలకు కొంత కలుపుకోండి.

మన దగ్గర చాలామంది కరెంటు పెట్టడం అనే రేడియేషన్ లెక్క వేరు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ వెళ్లాలి. ఇప్పుడు చాలామందికి 15 సిట్టింగులు, అంటే మూడు వారాలు. కొందరికి ఐదారు వారాలు. టేబుల్ మీద ఉండేది కొద్ది నిమిషాలే. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉండేవాళ్లు పొద్దున సిట్టింగ్ చేయించుకుని మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లగలరు. ఆదిలాబాద్ నుంచో శ్రీకాకుళం పల్లెల నుంచో వచ్చేవాళ్లకు అది కుదరదు, ఊరొదిలి ఆస్పత్రి దగ్గర గది తీసుకోవాల్సిందే. కాబట్టి ఆ వారాల సెలవు ఇప్పుడే పక్కన పెట్టుకోవాలి. రేడియేషన్ అలసట చివరి సిట్టింగులకు ఎక్కువై, అయిపోయాక కూడా కొన్ని వారాలు ఉంటుంది. చివరి సిట్టింగ్ మర్నాడే జాయిన్ అవుతానని రాసివ్వకండి.

3. డ్రెయిన్, నొప్పి మాత్రలు, చెయ్యి: ఈ మూడూ దాటాలి

గాయంలో చేరే నీరు బయటికి రావడానికి పెట్టే డ్రెయిన్ గొట్టం ఉండగా బయటి పని మాట వద్దు. రోజుకు వచ్చే నీరు వరసగా రెండు రోజులు 20-30 మిల్లీలీటర్ల లోపుకి తగ్గితే సాధారణంగా తీసేస్తారు. ఒకటి రెండు వారాలు పట్టొచ్చు, కొందరికి మూడు. తీసిన తర్వాత అక్కడ మళ్లీ నీరు చేరి ఉబ్బితే భయపడక్కర్లేదు, ఆస్పత్రిలో సూదితో తీసేస్తారు. కానీ ఆ రాకపోకలు తగ్గేదాకా జాయినింగ్ తేదీ పెట్టుకోకండి.

ట్రమడాల్ లాంటి మత్తొచ్చే నొప్పి మందులు వాడుతున్నంతకాలం బండి, కారు, యంత్రం ఏదీ ముట్టకూడదు.

ఇక చెయ్యి. ఫిజియోథెరపిస్ట్ చెప్పిన వ్యాయామాలు చాలామంది నొప్పికి భయపడి మానేస్తారు, లేదా ఇంట్లో పెద్దవాళ్లు "చెయ్యి కదపకమ్మా" అని మాన్పిస్తారు. ఇది నిజంగా నష్టం చేసే ప్రేమ. డ్రెయిన్ ఉన్నన్నాళ్లు భుజం ఎత్తు దాటకుండా, తీశాక మెల్లగా పైకి చేయిస్తారు. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో పాకుతూ పైకి వెళ్లి, ఎక్కడ ఆగిందో పెన్సిల్‌తో గీత పెట్టండి. వారం వారం ఆ గీత పైకి జరుగుతుంటే దారిలో ఉన్నట్టే. చంక నుంచి మోచేతి దాకా తీగలా లాగుతూ, చర్మం కింద తాడులా తగిలితే దాచుకోకుండా చూపించండి. అది ఫిజియోతో తగ్గుతుంది. ఇంకో మాట, రేడియేషన్ ఇచ్చేటప్పుడు చెయ్యి తల పైకి పెట్టి పడుకోబెడతారు. భుజం లేవకపోతే ఆ చికిత్సకే ఆటంకం. ఉద్యోగం సంగతి తర్వాత, దీనికోసమైనా వ్యాయామం మానకండి.

4. మీ పనిని ముక్కలుగా విడదీసి చూడండి

"టీచర్ ఉద్యోగమే కదా, కూర్చుని చెప్పొచ్చు" అంటారు. బోర్డు మీద పై వరస రాయాలంటే చెయ్యి తల దాటి లేవాలి. అదే చేత్తో తుడవాలి. ఆపరేషన్ కుడివైపైతే పీరియడ్ అయ్యేసరికి భుజం బరువెక్కిపోతుంది. నోట్‌బుక్కుల కట్ట మోయాలి, గొంతు పెంచి మాట్లాడాలి. వీటిలో బోర్డు పని పిల్లలతో రాయించొచ్చు, కట్టలు ఇంకొకరు మోయొచ్చు. అప్పుడు మిగిలిన పని నాలుగైదు వారాలకే కుదరొచ్చు. మీ పనిని కూడా ఇలాగే కాగితం మీద రాసి, ఎత్తడం, చెయ్యి పైకి చాపడం, ఒకే కదలిక మళ్లీ మళ్లీ చేయడం, ఎక్కువసేపు నిలబడటం, ప్రయాణం అని గుర్తులు పెట్టుకోండి. మాస్టెక్టమీ తర్వాత మొదటి 4-6 వారాలు ఆ వైపు చేత్తో రెండు మూడు కిలోలు మించి ఎత్తొద్దని చెప్తారు.

కంప్యూటర్ ముందు పనిచేసేవాళ్లకు వెసులుబాటు ఎక్కువ, ఇంటి నుంచి చేసే వీలుంటే ఇంకా మంచిది. అయితే లాప్‌టాప్ బ్యాగు ఆ భుజానికి తగిలించొద్దు. బ్యూటీపార్లర్, కుట్టుమిషన్, బీడీలు చుట్టడం వంటివి కూర్చుని చేసేవే అయినా చెయ్యి ఆగదు. గంటకోసారి ఆపి భుజం తిప్పుకునే వీలుంటేనే మొదలుపెట్టాలి.

కూలికి వెళ్లేవాళ్ల పరిస్థితే అన్నిటికన్నా కష్టం. పని మానితే పూట గడవదని తెలుసు. అయినా గంప నెత్తికెత్తే పని, నాట్లు, కొడవలి పట్టే పని కనీసం రెండు మూడు నెలలు వద్దని, ఎప్పుడు మొదలుపెట్టాలో సర్జన్‌ను అడగాలని గట్టిగా చెప్తాను. పత్తి తీసేటప్పుడు కాయ అంచులు గీరుకుంటాయి. చంకలో గ్రంథులు తీసిన చేతికి ఆ చిన్న గీతల నుంచే ఇన్ఫెక్షన్ వచ్చి వాపు మొదలవ్వొచ్చు. చీర మీద పొడుగు చేతుల చొక్కా వేసుకోవడం మన చేలల్లో అలవాటే. దానికి గ్లవ్స్ జోడించండి. రేడియేషన్ అయిన చర్మాన్ని ఎండ నుంచి కప్పి ఉంచండి.

ప్రయాణం కూడా పనిలో భాగమే. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక ఆర్టీసీ బస్సుల్లో సీటు దొరకడం కష్టంగా ఉంది. పైన కడ్డీ పట్టుకుని నిలబడలేనంతకాలం రద్దీ వేళ ఎక్కకండి. స్కూటీ అయితే గతుకుల్లో హ్యాండిల్ గట్టిగా పట్టి సడన్ బ్రేక్ వేయగలగాలి. మొదట మీ వీధిలోనే, వెనక ఎవరినీ కూర్చోబెట్టుకోకుండా నడిపి చూడండి.

5. ఇంటి పనిని లెక్కలోకి తీసుకోండి

మగవాళ్ల సెలవు లెక్కకూ మన లెక్కకూ తేడా ఇక్కడే. ఆఫీసుకు వెళ్లే రోజున మీరు పొద్దున్నే లేచి వంట చేసి, బాక్సులు కట్టి, బట్టలు ఆరేసి వెళ్లాలంటే మీ శక్తి ఆఫీసు గేటు దగ్గరే అయిపోతుంది. నిండు వంటగ్యాస్ సిలిండర్ దాదాపు 30 కిలోలు, మంచినీళ్ల క్యాన్ 20 కిలోలు. చపాతీ పిండి కలపడం, తడి దుప్పటి పిండడం, చంటిపిల్లాణ్ని ఎత్తుకోవడం అన్నీ ఛాతీ కండరాల మీద పడేవే. అందుకే ఇంట్లో ముందే కూర్చుని మాట్లాడుకోండి: డ్యూటీకి వెళ్లిన మొదటి నెల ఇంట్లో ఏ పని ఎవరిది? దీనికి జవాబు దొరక్కపోతే జాయినింగ్ వాయిదా వేయడమే మేలు.

6. సెలవు, జీతం లెక్క వేసుకోండి

ప్రభుత్వ ఉద్యోగులు మెడికల్ సర్టిఫికెట్ మీద, పూర్తి జీతం వచ్చే కమ్యూటెడ్ లీవు పెట్టొచ్చు. ఒక్కో రోజుకు రెండు హాఫ్ పే లీవులు ఖర్చవుతాయి. తిరిగి చేరేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వాలి. క్యాన్సర్ చికిత్సకు ఉన్న ప్రత్యేక ఉత్తర్వుల గురించి ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో తప్పకుండా అడగండి.

జీతంలో ఈఎస్ఐ కోత పడుతుంటే, చందా షరతులు సరిపోయినవాళ్లకు ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం సిక్‌నెస్ బెనిఫిట్‌గా వస్తుంది. క్యాన్సర్ లాంటి దీర్ఘకాలిక జబ్బులకు అర్హత ఉంటే 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా పొడిగిస్తారు. ఆ బెనిఫిట్ తీసుకుంటున్న కాలంలో మీ ఉద్యోగానికి చట్టంలో ఏ రక్షణ ఉందో ఈఎస్ఐ ఆఫీసులో అడగండి. ప్రైవేటు సంస్థల్లో పనిచేసే ఆడవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియక, జీతం నష్టానికి సెలవు పెట్టి ఊరుకుంటున్నారు.

7. ఇంట్లోనే ఒకసారి రిహార్సల్ చేయండి

అనుకున్న తేదీకి వారం ముందు, డ్యూటీ రోజు లేచే టైముకే లేవండి. స్నానం చేసి, ఆఫీసుకు కట్టుకునే చీర, జాకెట్టు లేదా డ్రెస్సు వేసుకోండి. జాకెట్టు అంచు కుట్ల మీద రాసుకుంటుందా, చెయ్యి పట్టేస్తుందా అప్పుడే తెలుస్తుంది. రొమ్ము తీసినచోట మొదట్లో దూది నింపిన మెత్తటి కృత్రిమ రొమ్ము పెట్టుకుని, గాయం పూర్తిగా మానాక డాక్టర్ సరేనంటే సిలికాన్‌ది కొనుక్కోవచ్చు. తర్వాత నాలుగు గంటలు కుర్చీలో కూర్చుని ఏదో ఒక పని చేయండి. మధ్యలో పడుకోవద్దు.

ఆ సాయంత్రం అలసట ఎలాగూ ఉంటుంది, దాన్ని చూసి నిర్ణయించకండి. మర్నాడు పొద్దున ఎలా ఉందో చూడండి. నిద్రతో అలసట తీరితే మీరు సిద్ధమైనట్టే. లేచేసరికి ఒళ్లు ఇంకా బరువుగా ఉంటే, చెయ్యి లాగుతుంటే ఇంకో వారం ఆగి మళ్లీ చేసి చూడండి.

8. చేరేటప్పుడు, చేరాక

వీలైతే సోమవారం కాకుండా బుధవారమో గురువారమో చేరండి, రెండు మూడు రోజులకే విశ్రాంతి దొరుకుతుంది. మొదటి రెండు వారాలు సగం పూట అడగండి. సర్టిఫికెట్‌లో ఊరికే "ఫిట్" అని కాకుండా "బరువులు ఎత్తించకూడదు, ఇంతకాలం సగం పూట" అని డాక్టర్ చేత రాయించుకుంటే అధికారితో వాదించే పని తగ్గుతుంది. ఏం ఆపరేషన్ అని అందరికీ చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు. పై అధికారికీ, సాయం చేసే ఒక్క సహోద్యోగికీ తెలిస్తే చాలు.

ధైర్యవంతురాలనిపించుకోవాలని తొందరపడి వెళ్లొద్దు. అలాగే ఒంట్లో బాగున్నా నలుగురూ ఏమడుగుతారో అని నెలల తరబడి ఇంట్లో ఉండిపోవద్దు. మనుషుల మధ్య పడ్డాక మనసు తేలికపడ్డవాళ్లు ఎందరో ఉన్నారు.

చేరాక వారానికోసారి రెండు చేతుల చుట్టుకొలత ఒకే చోట టేపుతో కొలిచి రాసుకోండి. ఆపరేషన్ అయిన వైపు గాజులు, ఉంగరం బిగుతవుతున్నా, జాకెట్టు చెయ్యి పట్టేస్తున్నా సర్జన్‌కు గానీ ఫిజియోకు గానీ చూపించండి. మొదట్లోనే పట్టుకుంటే లింఫెడిమాను అదుపులో పెట్టడం తేలిక. గాయం ఎర్రబడి వేడిగా ఉన్నా, చీము కారినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. కీమో నడుస్తున్నప్పుడు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరిందంటే పని ఎక్కడిదక్కడ వదిలేసి, రాత్రయినా సరే, వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేసి బయల్దేరండి.