ఆస్ట్రేలియా రెయిన్‌బో చేపలను ఇంట్లో పెంచడం ఎలా?

అమ్మకానికి పెట్టిన రెయిన్‌బో చేప పిల్లలను చూసి చాలామంది పక్క ట్యాంకు దగ్గరికి వెళ్లిపోతారు. రెండంగుళాల వెండిరంగు చేపలో ఆగి చూడాల్సింది ఏముందనిపిస్తుంది. అదే చేపను ఏడాదిన్నర తర్వాత, పొద్దున్నే లైటు వేసిన కాసేపటికి చూడండి. పక్కలంతా నీలిపచ్చగా మెరుస్తాయి, రెక్కల అంచులు ఎర్రబడతాయి. రెండు మగ చేపలు ఎదురెదురుగా నిలబడి రెక్కలు విప్పితే ఒక్క క్షణంలో రంగు రెట్టింపవుతుంది. ఆ రంగు రావడానికి కావలసినవి చోటు, మంచి నీళ్లు, సరైన తిండి, మన ఓపిక. ఆ పనులను వరసగా చెబుతాను.

1. ముందు ఏ చేపో తేల్చుకోండి

రెయిన్‌బో చేపలు ఆస్ట్రేలియాలోనూ, దానికి ఉత్తరాన ఉన్న న్యూగినీలోనూ పుట్టినవి. సగం నీలం, సగం నారింజ రంగుతో అందరినీ ఆకట్టుకునే బోస్మానీ, ఒళ్లంతా ఎర్రగా ఉండే రెడ్ రెయిన్‌బో న్యూగినీవి. వాటిని కూడా చాలామంది ఆస్ట్రేలియా చేపలనే అనుకుంటారు.

అచ్చమైన ఆస్ట్రేలియా చేపల్లో కొత్తవాళ్లకు నేను చెప్పేది క్రిమ్సన్ స్పాటెడ్ రెయిన్‌బో. శాస్త్రీయ నామం మెలనోటీనియా డుబూలయి. న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ తూర్పు తీరపు నదుల్లో ఉంటుంది. గట్టి చేప, చిన్న చిన్న పొరపాట్లను తట్టుకుంటుంది. దానికి దగ్గరి చుట్టం ముర్రే నది రెయిన్‌బో. రెయిన్‌బోలన్నిటిలోకీ బాగా దక్షిణాన ఉండేది, చలికి ఓర్చుకునేది అదే. ఈ రెండింటినీ చాలాకాలం ఒకే జాతి అనుకున్నారు. క్వీన్స్‌లాండ్ ఉత్తర భాగంలోని స్ప్లెండిడా ఇంకాస్త మెరుపు గల చేప. ట్యాంకు చిన్నదైతే మెక్‌కలొకీ మంచిది, ఆరేడు సెంటీమీటర్లు దాటదు.

ఒక ట్యాంకులో ఒక్క రెయిన్‌బో జాతినే ఉంచండి. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఈ చేపలు ఒక జాతితో మరో జాతి సులువుగా జతకడతాయి, పుట్టిన పిల్లలు ఏ జాతివో ఎవరూ చెప్పలేరు. క్వీన్స్‌లాండ్‌లోని అథర్టన్ పీఠభూమి మీద, అగ్నిపర్వత బిలంలో ఏర్పడిన ఈచమ్ అనే సరస్సు ఉంది. అక్కడి రెయిన్‌బోకు 1982లో శాస్త్రీయ నామం పెట్టారు. ఆ దశాబ్దం ముగిసేలోపే సరస్సులో ఒక్కటీ మిగల్లేదు, మనుషులు తెచ్చి వదిలిన వేరే చేపలు వాటిని తినేశాయి. ప్రకృతిలో ఆ చేప అంతరించిందనే అనుకున్నారు. అప్పటికి అది బతికున్నది ఔత్సాహికుల ట్యాంకుల్లో. తర్వాత చుట్టుపక్కల వాగుల్లోనూ కనబడింది. ఆ ట్యాంకుల్లో రెండు మూడు జాతులు కలిసి ఉండి ఉంటే కాపాడుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

2. ట్యాంకు: ఎత్తు కంటే పొడవు ముఖ్యం

ఇవి రోజంతా ఈదుతూనే ఉంటాయి. పది పన్నెండు సెంటీమీటర్లు పెరిగే జాతులకు నాలుగడుగుల పొడవు, 200 లీటర్ల నీళ్లు పట్టే ట్యాంకు కావాలి. మెక్‌కలొకీకి మూడడుగులు సరిపోతుంది. మొక్కలను వెనకా పక్కలా నాటి, మధ్యలో ఖాళీగా వదిలేయండి. పొడవాటి ఆకుల వల్లిస్నేరియా, నాచులా అల్లుకునే జావా మాస్ రెండూ బాగుంటాయి. అడుగున ముదురు రంగు ఇసుక వేయండి. తెల్లటి ఇసుక మీద ఈ చేపల రంగు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది.

మూత తప్పనిసరి. బెదిరినా, ఒకదాన్నొకటి తరిమినా ఇవి ఎగిరి దూకేస్తాయి. నా మొదటి గుంపులో ఒక మగ చేప ఫిల్టర్ పైపు కోసం వదిలిన చిన్న సందులోంచి బయటపడింది, తెల్లారి నేల మీద కనిపించింది. అప్పటినుంచి ప్రతి సందులో స్పాంజి ముక్క కుక్కుతున్నాను.

3. నీళ్లు సిద్ధం చేయండి

చాలా జాతులకు పీహెచ్ (నీళ్ల పులుపు గుణాన్ని చెప్పే కొలత) 7 నుంచి 8 మధ్య ఉండాలి, నీళ్లు కొంచెం కఠినంగా, అంటే ఖనిజ లవణాలు ఎక్కువగా ఉన్నా ఫర్వాలేదు. పులుపు గుణం ఉన్న మెత్తటి నీళ్లలో పెరిగే చేపలకు ఇవి జోడీ కావు. వేడి 22 నుంచి 26 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే చాలు. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టే మందు కలపండి.

ట్యాంకు పెట్టిన రోజే చేపలు వేయకండి. చేపల విసర్జనలోంచి వచ్చే అమ్మోనియా వాటికి విషం. ఫిల్టర్‌లో పెరిగే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపలు వేయని ట్యాంకు నీళ్లలో కొద్దిగా అమ్మోనియా వేస్తూ టెస్ట్ కిట్‌తో చూసుకోండి. వేసిన అమ్మోనియా ఒక్క రోజులో మాయమై, నైట్రైట్ కూడా సున్నాకు వచ్చినప్పుడు ట్యాంకు సిద్ధమైనట్టు. అప్పుడు సగానికి పైగా నీళ్లు మార్చి చేపలను తెచ్చుకోండి.

4. చేపలను ఎంచుకుని తెచ్చుకోండి

ఆరుకు తక్కువ వద్దు, ఎనిమిదో పదో ఉంటే ఇంకా మంచిది. గుంపు చిన్నదైతే భయంతో మూలకు చేరతాయి, రంగు కూడా చూపించవు. మగవి ఎన్ని ఉంటే ఆడవి అన్నో, అంతకంటే ఎక్కువో ఉండాలి. వయసొచ్చిన మగ చేపకు శరీరం వెడల్పు, రంగు ఎక్కువ, ముందున్న వీపు రెక్క వెనకదాన్ని తాకేంత పొడవు. పిల్లల్లో ఈ తేడా తెలియదు, అందుకే కాస్త ఎక్కువ తెచ్చుకోండి.

రెక్కలు ముడుచుకున్నవి, వెన్ను వంకర పోయినవి, పొట్ట లోపలికి పోయినవి, ఒంటి మీద పుండ్లు ఉన్నవి వద్దు. రెయిన్‌బోలకు చేపల క్షయ తగులుతుంది, దానికి నమ్మదగ్గ మందు లేదు. ఆ బ్యాక్టీరియా చేతి గాయాల ద్వారా మనుషుల చర్మానికీ సోకగలదు. చేతికి గాయం ఉంటే గ్లవ్స్ లేకుండా ట్యాంకులో చెయ్యి పెట్టకండి, నీళ్లు తీయడానికి పైపును నోటితో పీల్చకండి. పెద్ద ట్యాంకులో ఇప్పటికే చేపలుంటే కొత్తవాటిని నాలుగు వారాలు విడిగా ఉంచి, తర్వాతే కలపండి.

5. తిండి

ఒళ్లు పెద్దదైనా వీటి గొంతు సన్నం. పెద్ద గుళికలు వేస్తే నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తాయి. ఫ్లేక్స్ అయితే నలిపి వేయండి, గుళికలైతే చిన్నవి చూసుకోండి. నదుల్లో ఇవి నీటి మీద పడ్డ పురుగులు, చీమలు, దోమ లార్వాలు, నాచు తింటాయి. అందుకే స్పిరులినా అనే నాచు పొడి ఉన్న మేత రోజూ వేసి, వారానికి రెండు మూడు సార్లు డాఫ్నియా (నీటి ఈగ), బ్రైన్ ష్రింప్ (ఉప్పునీటి చిన్న రొయ్య) ఇవ్వండి. రంగులో తేడా మీకే కనిపిస్తుంది. దోమల కోసం బయటి దేశపు గాంబూసియా చేపను వదిలే బదులు సొంత నేల చేప అయిన క్రిమ్సన్ స్పాటెడ్‌ను ఆస్ట్రేలియాలో వాడుతున్నారు కూడా.

రోజుకు రెండు సార్లు, రెండు నిమిషాల్లో అయిపోయేంతే వేయండి. ఎప్పుడూ ఆకలిగా ఉన్నట్టే నటిస్తాయి, నమ్మకండి. తేలిగ్గా కొవ్వు పట్టేస్తాయి.

6. వారం వారం చేసే పని

వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మార్చండి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కాకుండా, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

7. పిల్లలు కావాలంటే

ఇవి గుడ్లన్నీ ఒకేసారి పెట్టవు. రోజూ పొద్దున కొన్ని చొప్పున చాలా రోజులు పెడతాయి. ప్రతి గుడ్డుకూ అతుక్కునే సన్నటి పోగు ఉంటుంది, దాంతో అది జావా మాస్ లాంటి మొక్కకు వేలాడుతుంది. ముదురు ఆకుపచ్చ ఊలు దారాలను కుచ్చుగా కట్టి వేలాడదీసినా సరే. పెద్ద చేపలు గుడ్లనూ పిల్లలనూ తినేస్తాయి కాబట్టి, వారం పాటు ఉంచాక ఆ కుచ్చును వేరే చిన్న ట్యాంకులోకి మార్చండి. 25 డిగ్రీల దగ్గర ఏడు నుంచి పది రోజుల్లో గుడ్లు పొదుగుతాయి.

కష్టమంతా ఆ తర్వాతే. పిల్లలు గాజు ముక్కల్లా సన్నగా ఉండి నీటి పైపొరలోనే తిరుగుతాయి, కిందికి పడ్డ తిండిని వెతుక్కోలేవు. మొదటి వారం పది రోజులు ఇన్ఫ్యూసోరియా (నీటిలోని అతి సూక్ష్మ జీవులు) గానీ, మైదాలా మెత్తగా ఉండే పొడి మేత గానీ నీటి మీద తేలేలా, కొంచెం కొంచెంగా రోజుకు నాలుగైదు సార్లు ఇవ్వండి. తర్వాత అప్పుడే పొదిగిన బ్రైన్ ష్రింప్ తినగలుగుతాయి. నిదానంగా పెరుగుతాయి, వెండిరంగులోనే నెలలు గడుస్తాయి. టెన్షన్ పడకండి.

మిగిలిన పిల్లలను చెరువులోనో కాలవలోనో వదలకండి. పెంచగలవాళ్లకు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు జాతి పేరు, అవి ఏ నది నుంచి వచ్చిన వంశమో తెలిస్తే ఆ పేరు చీటీ మీద రాసి సంచికి అంటించండి.