మాట స్పష్టంగా వినిపించే స్పీకర్లు కావాలంటే

ఆన్‌లైన్ క్లాసులు, మీటింగులు, వార్తలు వినడానికే కంప్యూటర్ స్పీకర్లు కొంటుంటే సబ్‌వూఫర్ (బేస్, అంటే దడదడమనే లోతైన శబ్దం కోసం విడిగా ఇచ్చే పెద్ద స్పీకర్) ఉన్న చవక సెట్ల జోలికి పోకండి. మనిషి మాట అర్థమయ్యేది ఎక్కువగా 300 నుంచి 4000 హెర్ట్జ్ (శబ్దం ఎంత లోతుగా, ఎంత సన్నగా ఉందో చెప్పే కొలత) మధ్య శబ్దంతోనే, అందులోనూ స, శ, త లాంటి హల్లుల తేడా తెలిసేది పై భాగంలోనూ, దానికీ పైనా కాబట్టి, బేస్ దంచేసే సెట్‌లో మాట ముద్దముద్దగా వినిపిస్తుంది. అదే డబ్బుకి రెండు స్పీకర్లు మాత్రమే ఉండే 2.0 సెట్ చాలా నయం. అట్టపెట్టె మీద పీఎంపీఓ (క్షణకాలం వచ్చే గరిష్ఠ శక్తి అని చెప్పే అంకె) అని వందల వాట్లు వేస్తారు, అది అస్సలు పట్టించుకోవద్దు, ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే శక్తి) ఎంతో చూడండి. బల్ల దగ్గర కూర్చుని వినడానికి ఒక్కో స్పీకర్‌కి 3 నుంచి 5 వాట్లు హాయిగా సరిపోతాయి. వీలుంటే కొనే ముందే పాట కాకుండా ఎవరైనా వార్తలు చదివే వీడియో పెట్టించి, సౌండ్ బాగా తగ్గించి వినండి. అప్పుడు కూడా ప్రతి మాటా తెలుస్తుంటే తీసేసుకోవచ్చు. ఇంకోటి, తెచ్చాక వాటిని గోడ మూలకి నెట్టేయకండి, అక్కడ బేస్ పెరిగిపోయి మాట మసకబారుతుంది. కాస్త ముందుకు జరిపి, కింద ఏదైనా ఎత్తు పెట్టి, మీ చెవుల వైపు తిప్పి ఉంచండి.