తర్వాత ఏం కనిపిస్తుందో రోబో ముందే ఊహించేలా చేయడం ఎలా?

మనకి మనమే చక్కిలిగిలి పెట్టుకుంటే నవ్వు రాదు. చెయ్యి కదుపుతున్నప్పుడే ఆ స్పర్శ ఎలా ఉంటుందో మెదడు లెక్కేసుకుంటుంది కాబట్టి. ఈ గుణాన్ని చిన్న రోబోకి కూడా నేర్పవచ్చు. రెండు మోటార్ల బండి, మోటార్లను నడిపే ఆర్డుయినో బోర్డు (చిన్న కంప్యూటర్ లాంటిది), ముందువైపు శబ్దంతో దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్, ఒక ల్యాప్‌టాప్ ఉంటే చాలు.

1. ముందు ఊరికే తిరగనివ్వండి

గోడకు ఎదురుగా బండిని వదిలి, మోటార్లకు ఎలా పడితే అలా వేగాలివ్వండి. పసిపిల్లలు కాళ్లూ చేతులూ ఆడించినట్టు అది అన్ని రకాలుగా కదలాలి. గోడకు 10 సెంటీమీటర్ల దాకా వస్తే వెనక్కి తగ్గాలన్న ఒక్క నియమం పెడితే సరిపోతుంది.

2. ప్రతి కదలికనూ రాసిపెట్టండి

సెకనుకు 10 సార్లు ఒక్కో వరుస నమోదు కావాలి: ఇప్పటి దూరం, రెండు మోటార్లకూ ఇచ్చిన విలువలు, బ్యాటరీ వోల్టేజీ, ఆ తర్వాత వచ్చిన దూరం. నా దృష్టిలో ఈ పనికి ప్రాణం ఇదే. మోటారు విలువలు లేకపోతే, తాను గోడ దగ్గరికి వెళ్లిందో, ఏదైనా తన ముందుకు వచ్చిందో రోబోకి తెలిసే దారే లేదు.

విలువ ఇచ్చిన వెంటనే చక్రం ఆ వేగం అందుకోదు. అందుకే అంతకుముందు ఇచ్చిన రెండు మూడు విలువలను కూడా అదే వరుసలో చేర్చండి. ఛార్జ్ తగ్గితే అదే విలువకి బండి నెమ్మదిగా పోతుంది, వోల్టేజీ అందుకే. గోడ ఏటవాలుగా ఉంటే శబ్దం పక్కకి పోయి పిచ్చి అంకెలు వస్తాయి. ఆ వరుసలు తీసేయండి.

3. మోడల్‌కి నేర్పండి

మోడల్ అంటే, నమోదైన వరుసల నుంచి నేర్చుకుని తర్వాతి దూరాన్ని అంచనా వేసే ప్రోగ్రామ్. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో లీనియర్ రిగ్రెషన్‌తో (ఒక్కో విలువకీ ఒక్కో బరువిచ్చి కూడే సులువైన పద్ధతి) మొదలుపెట్టండి. దూరం ఎంత మారుతుందో అడగండి. చివర్లో నమోదైన 20 శాతం డేటాని పరీక్ష కోసం దాచండి. “ఇప్పుడున్న దూరమే తర్వాతా ఉంటుంది” అన్న గుడ్డి అంచనాకంటే మోడల్ మెరుగ్గా ఉండాలి. లేకపోతే 2వ మెట్టుకి వెళ్లి డేటా సరిచూసుకోండి. మలుపులు కూడా ఊహించాలంటే చిన్న న్యూరల్ నెట్‌వర్క్ (ఇంకా చిక్కైన సంబంధాలను నేర్చుకోగల మోడల్) వాడండి.

4. ఊహతో నడిపించండి

కదిలే ముందు ఓ 20 రకాల వేగాలను మోడల్‌లో వేసి చూసి, గోడకు 30 సెంటీమీటర్ల దూరంలో ఆపేదాన్ని ఎంచుకోమనండి. మరీ ముందుకి ఊహించనివ్వకండి, తప్పులు పేరుకుపోతాయి.

5. తేడాని గమనించండి

ఊహ 80 సెంటీమీటర్లు, సెన్సర్ చూపింది 15 అయితే ఎవరో అడ్డొచ్చారు. తేడా అలాగే కొనసాగితే మాత్రం బండిలోనే ఏదో మారింది. 2006లో బొంగార్డ్, జైకోవ్, లిప్సన్ అనే పరిశోధకులు అమెరికాలోని కోర్నెల్ యూనివర్సిటీలో చేసిన నాలుగు కాళ్ల రోబో తన శరీరం ఎలా ఉందో కదలికల ద్వారానే తెలుసుకుంది. ఒక కాలిలో కొంత భాగం తీసేస్తే, తన శరీరం గురించిన ఆ మోడల్‌ని సరిచేసుకుని కొత్త నడక కనిపెట్టింది.

మీరూ ఒక చక్రానికి టేపు చుట్టి చూడండి. తప్పు ఒక్కసారిగా పెరిగి, కొత్త డేటాతో మళ్లీ నేర్పేకొద్దీ తగ్గాలి. తగ్గకపోతే పాత వరుసలు కొత్తవాటిని ముంచేస్తున్నట్టే. వాటిలో కొన్ని తీసేసి మళ్లీ నేర్పండి.