మోటారు మొరాయిస్తే: ఆర్‌సీ (రిమోట్‌తో ఎగిరే) విమానంలో లోపం ఎక్కడుంది?

ముందు ప్రొపెల్లర్ విప్పేయండి. కరెంటు కొలిచేటప్పుడు మాత్రమే మళ్లీ బిగించి, విమానాన్ని గట్టిగా కట్టేసి, వెనకవైపు నిలబడండి.

మోటారు, ఈఎస్‌సీ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతున్నాయి

చాలామంది వెంటనే పెద్ద ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం) కొంటారు. 30 ఆంపియర్లది తీసి 60ది పెడితే ఈఎస్‌సీ బతుకుతుంది, మోటారు కాలుతుంది. ఈఎస్‌సీ మీది అంకె అది తట్టుకోగల కరెంటు మాత్రమే. ఎంత కరెంటు లాగాలన్నది మోటారు కేవీ, బ్యాటరీ వోల్టేజీ, ప్రొపెల్లర్ కలిసి తేలుస్తాయి. కేవీ అంటే లోడు లేనప్పుడు ఒక్కో వోల్టుకు నిమిషానికి తిరిగే చుట్లు. 2212 సైజు 1000 కేవీ మోటారు, 3 సెల్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, 10×4.5 ప్రొపెల్లర్ (వ్యాసం 10 అంగుళాలు, పిచ్ అంటే ఒక్క చుట్టుకు ముందుకు సాగే దూరం 4.5): ఈ జత హాయిగా ఎగురుతుంది. చూడటానికి అచ్చం అలాగే ఉండే 2200 కేవీ మోటారుకు అదే ప్రొపెల్లర్ తగిలిస్తే వైండింగ్ మాడిపోతుంది. దానికి 6 అంగుళాలదే సరి.

వాట్ మీటరును బ్యాటరీకీ ఈఎస్‌సీకీ మధ్య పెట్టి, ఫుల్ థ్రాటిల్‌లో కొన్ని సెకన్లు చూడండి. మోటారు పరిమితి దాటితే ప్రొపెల్లర్ వ్యాసం గానీ పిచ్ గానీ తగ్గించండి. ఈఎస్‌సీ రేటింగు ఆ రీడింగు కంటే కనీసం 20 శాతం ఎక్కువుండాలి. కొత్త మోటారును ఈ పరీక్ష లేకుండా నేను గాల్లోకి పంపను.

గాల్లో పవర్ పోయింది

సర్వోలు (రెక్కల, తోక పలకలను కదిపే చిన్న మోటార్లు) పనిచేస్తూ ప్రొపెల్లర్ మోటారు ఒక్కటే ఆగిందా? బ్యాటరీ వోల్టేజీ పడిపోయి ఈఎస్‌సీ కట్ చేసి ఉంటుంది, లేదా వేడికి ఆపి ఉంటుంది. థ్రాటిల్ పూర్తిగా తగ్గించి మెల్లగా పెంచితే తరచూ మళ్లీ తిరుగుతుంది, వెంటనే దించేయండి. పాత బ్యాటరీ అయితే మార్చండి.

సర్వోలు కూడా చచ్చుబడితే అనుమానం బీఈసీ మీదే: ఈఎస్‌సీలో ఉండి, బ్యాటరీ వోల్టేజీని దించి రిసీవరుకూ సర్వోలకూ ఇచ్చే భాగం అది. లీనియర్ బీఈసీ నిండు 3 సెల్ బ్యాటరీ 12.6 వోల్టులను 5కి దించుతూ, 1 ఆంపియరుకే 7.6 వాట్లు వేడిగా వదులుతుంది. సర్వోలు ఎక్కువుంటే విడిగా స్విచింగ్ (తక్కువ వేడెక్కే రకం) బీఈసీ పెట్టి, ఈఎస్‌సీ నుంచి రిసీవరుకు వెళ్లే ఎర్ర వైరు తీసేయండి.

తిరగకుండా వణుకుతోంది

మోటారుకూ ఈఎస్‌సీకీ మధ్య ఉన్న మూడు వైర్లలో ఒకటి వదులు, లేదా టంకం సరిగా అంటలేదు. అలా పదేపదే తిప్పితే ఈఎస్‌సీ పోతుంది. మోటారు వైర్లను మాత్రం కత్తిరించకండి: కొన్నింటిలో అవి వైండింగ్ తీగలే, వాటి మీది ఎనామెల్ గీకేస్తే తప్ప టంకం పట్టదు.

బీప్‌లే, కదలిక లేదు

థ్రాటిల్ ట్రిమ్ కిందికి దించండి. అయినా అంతేనా, క్యాలిబ్రేషన్ (థ్రాటిల్ స్టిక్ పై, కింది హద్దులు ఈఎస్‌సీకి నేర్పడం) చేయండి: స్టిక్ పైకి, బ్యాటరీ తగిలించాలి, బీప్ వినగానే స్టిక్ కిందికి.

వెనక్కి తిరుగుతోంది

మూడింటిలో ఏ రెండు వైర్లనైనా తారుమారు చేయండి.