పాత కుర్చీకి కొత్త మెత్త: కుంగినా, గుచ్చినా, ముడతపడినా

కొబ్బరి పీచు, దూది, జనపనారలతో పాత కుర్చీకి మెత్త వేయించుకున్నవారు కొద్దికాలానికే విసిగి మళ్లీ ఫోమువైపు చూడడం నాకు బాధ కలిగిస్తుంది. చాలాసార్లు తప్పు అడుగున ఉంటుంది, మనం పైన వెతుకుతాం.

కూర్చుంటే కుంగిపోతోంది

కుర్చీని తలకిందులు చేసి అడుగునున్న జనపనార నవారును అరచేత్తో నొక్కండి. బిగువుగా ఉంటే లోపం మెత్తలో ఉంది. చెయ్యి లోపలికి దిగిపోతే నవారే వదులైంది. తడి తగిలిన జనపనార బలం కోల్పోతుంది. అలాంటి చోట రంగు మారి ఉంటుంది, గోటితో గీకితే నార పొడిగా రాలుతుంది.

అతుకులు వేయకండి. నవారు మొత్తం తీసి, కొత్తది నిలువుగా, అడ్డంగా అల్లండి. ఉత్త చేత్తో లాగితే బిగువు చాలదు. నవారు కొసను ఒక చెక్కముక్కకు చుట్టి, దాన్ని చట్రం అంచుకు ఆనించి మీటలా వంచుతూ లాగాలి. వేలితో కొడితే డప్పులా మోగాలి. బిగువుగా లాగి మేకులు కొట్టాక కొసను మడిచి, మడత మీద మరో వరుస మేకులు కొట్టండి. పాత రంధ్రాల్లో మాత్రం వద్దు, అక్కడ చెక్కకు పట్టు ఉండదు. స్ప్రింగులు ఒరిగి ఉంటే వాటిని కట్టిన పురికొస తెగిందన్నమాట. ఒక్కో స్ప్రింగునూ ఎనిమిది దిక్కులకూ లాగి కట్టాలి.

మెత్త గడ్డకట్టింది

బరువుకు అణగడం దూది స్వభావం. పారేయకండి! ఎండబెట్టి ఏకితే మళ్లీ పొంగుతుంది. పాత కొబ్బరి పీచునూ ఉతికి, ఆరబెట్టి, చేత్తో విడదీసి వాడుకోవచ్చు. ఉన్న సరుకును నిలబెట్టుకోవడం కంటే పర్యావరణానికి మేలు చేసేది ఏ దుకాణంలోనూ దొరకదు. బరువు మోయడానికి కింద పీచు, మెత్తదనానికి పైన దూది వేయండి. దూది మీద పలుచగా ఉన్ని పొర పరిస్తే ఇంకా మంచిది, ఉన్ని తొందరగా నిప్పు అంటుకోదు.

పీచు గుచ్చుకుంటోంది

పీచుకూ దూదికీ మధ్య గుడ్డ లేకపోవడమే కారణం. దగ్గర నేత నూలుగుడ్డ పరిచి, దబ్బనంతో పీచులోంచి అడుగుదాకా కుట్టి, ఆ తర్వాతే దూది వేయాలి.

పై గుడ్డ ముడతలు పడింది

మూలలు ముందుగా బిగిస్తే ఇలా అవుతుంది. మేకులు ఊడదీసి, నాలుగు వైపులా నడిమి నుంచి మూలల దాకా బిగించుకుంటూ రండి. పడుగు పోగులు (నేతలో నిలువు దారాలు) ముందు నుంచి వెనక్కి తిన్నగా ఉండాలి. ఉతికేందుకు విప్పే తొడుగైతే గుడ్డను కత్తిరించక ముందే ఒకసారి ఉతికి ఆరేయండి, కొత్త నూలు ముడుచుకుంటుంది.

ముక్కవాసన

లోపల తేమ చిక్కుకుంది. అడుగున ప్లాస్టిక్ పట్టా ఉంటే తీసేసి గోనెగుడ్డ కొట్టండి. తిరిగి మూసేముందు మెత్త పూర్తిగా ఆరాలి.

కింద పొడి రాలుతోంది

పొడిని వేళ్ల మధ్య నలపండి. జిగటగానో రబ్బరులానో ఉంటే మెత్తలో వాడిన సహజ రబ్బరు ఫోము ఎండకు, వేడికి చివికిపోయింది. దాన్ని మార్చక తప్పదు. కొత్తదానికి నూలు అస్తరు తొడిగి, కిటికీ ఎండ పడని చోట ఉంచండి. పిండిలా మెత్తగా ఉండి, చెక్కకు సన్నని రంధ్రాలు కనిపిస్తే అది పురుగు పని. మెత్త వేయడం ఆపి, పాలిష్ లేని భాగాలకు బోరేట్ (పురుగును చంపే బోరాన్ లవణం) ద్రావణం పూయండి, పాలిష్ మీద పూస్తే ఇంకదు. కుర్చీ కింద తెల్ల కాగితం పరిచి కొన్ని వారాలు చూడండి. కాగితం మీద మళ్లీ పిండి పడితే ఆ చెక్కను మార్చాకే నవారు ముట్టుకోండి.